ఆమె అప్పు దాచలేదు

నా భార్య పోయిన బుధవారం చనిపోయింది. ఆ రోజు తెలంగాణ బంద్. కొత్తగూడలోని మా అద్దె ఇంట్లో పొద్దున ఏడింటికి టీ పెట్టి, తలనొప్పిగా ఉందని కూర్చుంది. ఏడున్నరకు మాట తడబడింది. రోడ్లు ఖాళీగా ఉండడంతో పావుగంటలో ఆసుపత్రికి చేరాం. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. పదకొండున్నరకు అంతా అయిపోయింది. ఆమెకు ముప్పై ఆరేళ్ళు.

నాది కడప, ఆమెది సిద్దిపేట. ఇద్దరివీ నానక్‌రామ్‌గూడలో ఒకే కంపెనీలో ఉద్యోగాలు. రెండేళ్ళ కిందట ఆ కంపెనీకి దేశ రక్షణకు సంబంధించిన పని ఒకటి వచ్చింది. అది తాళం వేసిన గదిలో జరుగుతుంది. లోపలికి వెళ్ళాలంటే భద్రతా అనుమతి కావాలి. మా ఇద్దరి పేర్లూ పంపారు.

అప్పటికి మేం పీకల దాకా అప్పుల్లో ఉన్నాం. తెల్లాపూర్‌లో ప్లాటు కొందామని పట్టుబట్టింది నేనే. ఇద్దరి పేర్ల మీదా లోన్ తీసుకున్నాం. తెలంగాణ ఉద్యమం నడుస్తుండడంతో అమ్ముదామంటే కొనేవాళ్ళు లేరు. ఐదు వాయిదాలు కట్టలేకపోయాం.

అనుమతి ఫారంలో అప్పుల గురించి ఒక ప్రశ్న ఉంది. నేను ‘లేవు’ అని రాశాను. ఆమె వంటగది గట్టు మీద ఫారం పెట్టుకుని, చోటు చాలక ఇంకో తెల్లకాగితం జత చేసింది. ఏ బ్యాంకు, ఎంత, ఏ నెల తప్పింది, అన్నీ రాసింది.

“నీకేమైనా పిచ్చా? అప్పుందంటే లోపలికి రానిస్తారా?” అన్నాను.

“అప్పున్నోళ్ళను ఎవడన్న బెదిరిచ్చి గుట్టు లాగుతడని వాళ్ళ ఫికర్. నేనే చెప్పినంక ఇగ ఏమని బెదిరిస్తడు? నువ్వు గూడ రాయి. జర సిగ్గయితది, అంతే.”

రాయలేదు.

ఆమెకు అనుమతి వచ్చింది. నాకు రాలేదు. హెచ్ఆర్‌లో ఒకావిడ గొంతు తగ్గించి చెప్పింది. “అప్పు ఉన్నందుకు కాదండీ, లేదని రాసినందుకు. బ్యాంకు రిపోర్టు వాళ్ళ దగ్గర ఉంటుంది కదండీ.”

అసూయ ఏమిటో ఆ రోజు నుంచి తెలిసింది. ఆమె ఫోను బయట అరలో పెట్టి, వెనక్కి తిరగకుండా లోపలికి వెళ్ళేది. మధ్యాహ్నం ఆ గదిలోని నలుగురితో కలిసి భోజనానికి వచ్చేది. ఏదో మాటకు నవ్వేది. ఎందుకో నేను అడగకూడదు. అయినా ఇంట్లో అడిగేవాణ్ణి.

“ఏం చేశావ్ ఈ రోజు?”

“పని చేసిన.”

“ఏం పని?”

“జీతమిచ్చే పని. వంకాయలు తరుగు.”

జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే ఏదో ఒక పని అప్పజెప్పడం ఆమె అలవాటు.

ఆమె రోజులో తొమ్మిది గంటలు నాకు కాకుండా ఆ నలుగురికి దక్కాయి. అంత్యక్రియలకు వచ్చి వాళ్ళలో ఒకతను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏం గుర్తొచ్చి ఏడ్చాడో నాకు చెప్పలేడు. అతణ్ణి ఓదార్చాను. లోపల ఓర్వలేకపోయాను.

ఆ ఓర్వలేనితనంతోనే, ఆమెకు అనుమతి వచ్చిన కొత్తలో ఒక మాట అన్నాను. ఆమెకు వచ్చి నీకెందుకు రాలేదని క్యాంటీన్‌లో మా సీమ మిత్రులు అడిగితే, “ఆమె లోకల్ కదా, ఇచ్చారు. నేను వాళ్ళ లెక్కలో ఆంధ్రావాణ్ణి” అన్నాను. ఆ రోజుల్లో ఆ మాట నిజమా అని ఎవరూ అడగలేదు. ఆఫీసంతా పాకింది. ఆమె చెవినా పడింది.

సాయంత్రం షేర్ ఆటోలో నా పక్కన కూర్చుని, “ఏందయ్యా, అందరికన్న ముందుగాల నాకే తెలంగాణ ఇచ్చిన్రట గద?” అని నవ్వింది. దిగాక అంది: “నిజం చెప్తే నీ పరువు పోతది. నేనైతె చెప్ప. నువ్వే చెప్పు, ఎప్పుడన్న.”

రెండేళ్ళు చెప్పలేదు. ఆ మాట నమ్మినవాళ్ళ మధ్యే ఆమె తల దించకుండా పనిచేసింది. ఆ ప్రాజెక్టులో పెరిగిన జీతంతోనే మా బకాయి తీర్చింది.

నిన్న పరామర్శకు వచ్చిన కడప మిత్రుడు, “పాపం, వదినకు లోకల్ అని మంచి ప్రాజెక్టు దొరికింది. అనుభవించే రాత లేకపాయ” అన్నాడు. కాఫీ ఇచ్చి పంపాను. 

రేపు ఉదయం పదింటికి ఆఫీసులో సంతాప సభ. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె ప్రతి అప్పూ రాసిందని, నేను దాచానని, అనుమతి ఆమెకు అందుకే వచ్చిందని, లోకల్ అన్నది నేను పుట్టించిన మాటని చెబుతాను. ఆ నలుగురూ ముందు వరుసలో ఉంటారు. ఆమె గురించి వాళ్ళకు తెలియనిది నా దగ్గర ఇదొక్కటే ఉంది. రేపు అదీ వాళ్ళకు ఇచ్చేస్తాను.