కందకాల్లో మంటలు

మేం దిగినప్పుడు మధ్యాహ్నం రెండు. హెలికాప్టర్ రెక్కలు ఆగకముందే సుబేదార్ సాబ్ దూకమన్నాడు. దూకాం. కాళ్ల కింద నల్లరేగడి, నెర్రెలు విచ్చి ఉంది. హుస్నాబాద్ దిక్కు పత్తి చేలల్లో ఉండే మట్టే. విమానాలు మారి ఇంత దూరం వస్తే మళ్లీ పత్తి చేనులోనే దింపారేంట్రా అనుకున్నాను.

ఆఫ్రికాలో ఒక దేశం. పేరు చెప్పను. అక్కడ వాళ్లలో వాళ్లకే యుద్ధం, మధ్యలో మేం శాంతి సేన. నీలి హెల్మెట్, పది కిలోల జాకెట్, రైఫిల్, రెండు నీళ్ల సీసాలు. ఆర్డర్లు మూడు. మన మీద కాలిస్తే తప్ప కాల్చొద్దు. గేటు దాకా వచ్చిన జనాన్ని కాపాడాలి. నది దాటొద్దు. ఆ మూడో ఆర్డర్ ఎంత బరువో అప్పటికి నాకు తెలియదు.

పోస్టు చిన్న మిట్ట మీద. చుట్టూ ముళ్లకంచె, ఇసుక బస్తాలు. పడమట కంచెను ఆనుకుని కాందిశీకుల గుడారాలు. అక్కడ వాంతులు, విరేచనాలతో పసిపిల్లలు పోతున్నారు. తూర్పున నది, దాని మీద ఇనుప వంతెన. వంతెన దాటి నాలుగు కిలోమీటర్లు పోతే ఊరు: మార్కెట్, రేకుల చర్చి, ఒక దవాఖాన. ఊరి అంచున కందకాలు. ఆ కందకాల్లో ఒక జనరల్. వాటికి అవతల గడ్డి మైదానంలో ఇంకో జనరల్. నాది వాచ్‌టవర్ డ్యూటీ. బైనాక్యులర్స్‌లో రోజంతా వాళ్లను చూడటమే పని.

ఇద్దరికీ పేర్లు పెట్టింది మా మెడికల్. హుస్నాబాద్ మనిషి, నర్సింగ్ హవల్దార్, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఊరిని పట్టుకుని ఉన్న జనరల్ ఒకప్పుడు బడిపంతులట. ఆయన ‘సారు’. ఎదుటాయన ‘దున్న’. నెల తిరిగేసరికి పంజాబీ వంటవాడు కూడా సారు, దున్న అనే అంటున్నాడు.

పనిలేని సిపాయిలకు ఇంకేం కావాలి? సిద్దిపేట హోటళ్లలో ఎలక్షన్ల ముచ్చట పెట్టినట్టు, మేం జనరళ్ల ముచ్చట పెట్టేవాళ్లం. సారుకు మనుషులు తక్కువ, గుండ్లు తక్కువ. కానీ అడుగు తీసే ముందు ఆకాశం చూస్తాడు, నేల చూస్తాడు. గాయపడ్డవాణ్ణి వదిలి రాడు. రేడియోలో ఒక్క మాట పొల్లు పోనివ్వడు. దున్నకు అన్నీ ఎక్కువే, బుద్ధి తప్ప. ఎప్పుడూ ఎదురుగానే వస్తాడు. దాడికి రెండు రోజుల ముందే లారీలు, డప్పులు, పాటలు. ఆ చప్పుడుకు దారిలోని పల్లెలన్నీ ఖాళీ అయ్యేవి. దున్న చేరేసరికి పొయ్యిలో బూడిద తప్ప మనిషి ఉండడు. దానికి మేం నవ్వుకునేవాళ్లం. ఇంత చప్పుడు చేసేవాడు జనరలేంటని.

ఫౌజులో ఏ పనికైనా ముందు నేల మీద మట్టితో ఆ జాగా బొమ్మ చేస్తారు. వాగు, దిబ్బ, బాట అన్నీ. చుట్టూ నిలబడి ఆర్డర్ వింటాం. నది అవతల మాకు పనే లేదు. అయినా సుబేదార్ సాబ్ చేతులు ఊరుకోక, మెస్ వెనుక నీడలో ఆ ఊరి బొమ్మ చేశాడు. నదికి నీలి దారం, వంతెనకు అగ్గిపెట్టె, కందకాలకు మూడు గీతలు. సాయంత్రం టీ తాగుతూ దాని చుట్టూ కూర్చుని ఇద్దరు జనరళ్ల తరఫునా యుద్ధం చేసేవాళ్లం. ప్రతిసారీ సారే గెలిచేవాడు.

మా దుబాసీ కూడా వచ్చి నిలబడేవాడు. ఆ దేశపు మనిషే. హైదరాబాద్‌లో డిగ్రీ చదివాడు, ‘నక్కో’, ‘హౌ’ అంటూ మన పాతబస్తీ హిందీ మాట్లాడేవాడు. చదువయ్యాక రెండేళ్లు సారు సైన్యంలో చేశాడు. భార్య, నాలుగేళ్ల బిడ్డ ఆ ఊళ్లోనే, మార్కెట్ వెనుక ఇంట్లో ఉన్నారు. ఆ ఇద్దరినీ మా గుడారాలకు తెచ్చుకోవడానికి పోస్టు కమాండర్ మేజర్ సాబ్ అతనికి పాస్ రాసిచ్చాడు. పాస్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇక్కడికి తెస్తే రోగం. అక్కడ ఉంచితే యుద్ధం. ఎటూ తేల్చుకోలేక ఒక సాయంత్రం సుబేదార్ సాబ్‌నే అడిగాడు.

“మీరైతే ఏం చేస్తారు సాబ్?”

సుబేదార్ సాబ్ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. చేతిలో కర్ర. “మూడు వరసల కందకాలు. బావి లోపలే ఉంది. ఎదుటివాడు ఎదురుగా తప్ప రాడు. నీ జనరల్ వానల దాకా ఈ ఊరు వదలడు.”

“నిజమే సాబ్. మా జనరల్ ఒక్క సిపాయిని కూడా ఉత్త పుణ్యానికి పోగొట్టుకోడు,” అన్నాడు దుబాసీ. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో గర్వం ఉంది. ఒకప్పటి సిపాయి కదా. భార్యాబిడ్డలను అక్కడే ఉంచాడు.

తిరిగి వస్తుంటే మెడికల్ నా భుజం తట్టాడు. “తమ్మీ, గా బొమ్మల ఇండ్లేవి?”

“ఏం ఇండ్లన్నా?”

“ఊరంటే ఇండ్లుండాలె గద. వాగు వెట్టిండు, వంతెన వెట్టిండు. ఒక్క ఇల్లన్న వెట్టిండా?”

నిజమే, లేవు. ఫౌజు బొమ్మలో కాల్పులకు పనికొచ్చే గోడలే ఇళ్లు. ఎన్నేళ్లుగా చూస్తున్నా నాకు తట్టలేదు.

వానలకు ముందు దున్న లారీలు కదిలాయి. రెండు రోజులు డప్పులు. మా టవర్‌కే వినబడ్డాయి, ఊరికి వినబడవా? ఎప్పటిలా జనం వంతెన మీదికి వస్తారని గేటు దగ్గర నీళ్ల డ్రమ్ములు పెట్టాం. పదిమంది కూడా రాలేదు. దుబాసీ ఫోన్ చేస్తే భార్య నవ్విందట. ఆమె మాట అతనే మాకు చెప్పాడు. “నువ్వేం భయపడకు. మనవాళ్లు ఇక్కడే ఉన్నారు. కందకాల్లో వంట మంటలు నాకు కనబడుతున్నాయి.”

ఆ సాయంత్రం ఏడింటికి రేడియో పలికింది.

“టవర్, రిపోర్ట్.”

“కందకాల్లో మంటలు సాబ్. రోజూలాగే.”

“సరే. అవుట్.”

తెల్లవారుజామున అయిదూ నలభైకి దున్న ఫిరంగులు మొదలయ్యాయి. కందకాల నుంచి జవాబు రావాలి. రాలేదు. సుబేదార్ సాబ్ నిచ్చెనెక్కి వచ్చి నా చేతిలోని బైనాక్యులర్స్ తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“లేరు. ఒక్కడూ లేడు. మంటలు వదిలేసి వెళ్లిపోయాడు.” ఆ తర్వాత, నోరు జారి, “వాహ్,” అన్నాడు.

నాకూ అదే మాట నోటిదాకా వచ్చింది. దాచను. అంత సైన్యాన్ని, గాయపడ్డవాళ్లతో సహా, శత్రువు ముక్కు కింద నుంచి చప్పుడు లేకుండా తీసుకుపోవడం మాటలు కాదు. కానీ నిచ్చెన కింద దుబాసీ నిలబడి ఉన్నాడు. ఆ వాహ్ అతనికి వినబడింది. ఊళ్లో జనం కూడా ఆ మంటలనే నమ్ముకున్నారు. జనానికి చెబితే శత్రువుకు తెలుస్తుంది. అందుకే సారు చెప్పలేదు.

ఖాళీ కందకాల మీద అయిపోయాక గుండ్లు ఊరి మీద పడ్డాయి. మేజర్ సాబ్ పొద్దటినుంచి రేడియో దగ్గరే కూర్చుని నది దాటడానికి అనుమతి అడుగుతూనే ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి వచ్చింది. దాటాం. మార్కెట్ వెనుక ఇంట్లో ఆమె, బిడ్డ ఒకే చాప మీద ఉన్నారు. ఆమెను మెడికల్, నేను మోశాం. బిడ్డను దుబాసీ ఎవరికీ ఇవ్వలేదు. వంతెన మీద మెడికల్ ఒక్కసారే మాట్లాడాడు.

“ఆంబోతులు కొట్లాడుకుంటే లేగల కాళ్లు ఇరిగినట్టాయె తమ్మీ.”

మెడికల్ ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. ఇరవై ఏళ్ల నౌకరీలో అంత ఏడుపు మళ్లీ ఏడవలేదు.

వానలు మొదలయ్యాక యుద్ధం బురదలో దిగబడింది. చర్చలు మా పోస్టులోనే పెట్టారు. ఇద్దరు జనరళ్లూ వచ్చారు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఫౌజు శిక్షణ తీసుకున్న దోస్తులట, కౌగిలించుకున్నారు. వేరే దుబాసీని పిలిపిస్తానని మేజర్ సాబ్ అంటే మావాడు వద్దన్నాడు. “నా డ్యూటీ సర్,” అని ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. తలుపు దగ్గర నేను.

టీ తాగుతూ దున్న దోస్తు వీపు మీద చరిచి, నన్ను బాగా ఏమార్చావన్నాడు. సారు సిగ్గుపడ్డట్టు నవ్వి చెప్పడం మొదలుపెట్టాడు. మేజర్ సాబ్ మాట మార్చబోయాడు. ఈలోగా దుబాసీ హిందీలో మొదలుపెట్టేశాడు. దుబాసీలు ఎవరి మాట చెబితే వాళ్లయిపోయి ‘నేను’ అంటారు. వాళ్ల పని పద్ధతే అంత.

“నేను మంటలు ఆరనివ్వలేదు. కట్టెలు వేయడానికి నలుగురు ముసలివాళ్లను ఉంచాను. ఎవరికీ అనుమానం రాలేదు. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదే.”

ఒక్క అక్షరం వదలకుండా, గొంతు వణకకుండా చెప్పాడు.

తర్వాతి ఎండాకాలం తిరిగి వచ్చాను. సికింద్రాబాద్‌లో రైలు దిగి, సిద్దిపేట బస్సెక్కి, కొండపాక. పెన్షన్ తీసుకున్నాక సిద్దిపేటలో ఒక బ్యాంకుకు సెక్యూరిటీగా చేరాను. బ్యాంకు ఎదుట హోటల్లో ఈ కథ సగం చెప్పాను. ఒక టైలర్ మామ ఉన్నాడు, యుద్ధాల ముచ్చటంటే చెవి కోసుకుంటాడు.

“అన్నీ సరే గని అల్లుడా, ఇద్దరిట్ల ఎవలు గట్టోడు?”

“సారే మామా. దున్న ఆయన కాలి గోటికి సరిపోడు.”

“మరి దున్న ఉత్తగనేనా?”

“దున్న చప్పుడు జేస్తడు మామా. చప్పుడుకు మంది ఉరుకుతరు. పానాలు దక్కుతయి.”

మామకు అది జవాబులా అనిపించలేదు. టీ గ్లాసు కింద పెట్టి వేరే ముచ్చట ఎత్తుకున్నాడు.

ఆయనకు చెప్పని సగం ఇది. ఆ రోజు చర్చలు అయిపోయాయి. అందరూ లేచారు. సారు దుబాసీ భుజం మీద చెయ్యి వేసి ఏదో అడిగాడు. దుబాసీ ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. సారు ఇంకో మాట అన్నాడు. అప్పుడు దుబాసీ, అలవాటు కొద్దీ, మేజర్ సాబ్ వైపు తిరిగి అదే గొంతుతో అదంతా హిందీలో అప్పజెప్పాడు.

“నీది ఏ ఊరని అడిగారు సర్. నది అవతలి ఊరని చెప్పాను. మంచి ఊరు, అంటున్నారు.”