పందొమ్మిది దుప్పికొమ్ములు

తుమ్మలకుంట మొగులయ్య కష్టపడి సాధించిన మొదటి పని, అడివిపందులు తిన్న జొన్నచేనుకు సర్కారు పంచనామా రాయించడం. అది 1941లో. అంతకుముందు శంషాబాద్ చుట్టుపక్కల ఏ రైతుకూ ఆ పని సాధ్యం కాలేదు. తహసీలు కచేరీకి పదకొండుసార్లు నడిచాడు. పన్నెండోసారి పంటలు తనిఖీ చేసే గిర్దావరే విసిగిపోయి, గుర్రమెక్కి వచ్చి చేను చూసిపోయాడు.

ఊరికి ఆనుకుని ఉన్న అడివిని ‘షికార్‌గా’ అంటారు, దొరలు వేటాడుకునే చోటు. అందులోని జంతువు మీద రైతు రాయి విసిరినా నేరమే. పందులూ దుప్పులూ పొద్దుగూకితే చేలల్లో దిగేవి. రైతు మంచె మీద కూర్చుని డబ్బా కొట్టుకోవాలి, కేకలు వేయాలి, అంతే. దొరలు వేటకొస్తే మళ్లీ ఆ రైతులే వెట్టికి అడివిలో దిగి జంతువులను తోలాలి. ఆ తోలుడుకు ఆడవాళ్లను పిలవొద్దని 1944లో హుకుం తెప్పించింది కూడా మొగులయ్యే. చదివింది నాలుగు తరగతులు, అదీ ఉర్దూలో. ఆ చదువుతోనే 1946లో రైతుల తరఫున హైదరాబాదు శాసనసభకు మెంబరయ్యాడు. ఆ ఊళ్లల్లో ఇంకెవరికి దక్కింది ఆ కుర్చీ?

సభలో ఆయన అడగదలచింది ఒక్కటే సవాలు, ఒక్కటే ప్రశ్న. చేలోకి వచ్చిన పందిని రైతు కొట్టవచ్చునా, కూడదా?

అడిగితే సాక్ష్యమేదంటారు. దుప్పులు ఏటా కొమ్ములు రాలుస్తాయి. చేలో దొరికిన కొమ్మును ఆ చేలోనే మంచె గుంజకు కట్టడం అక్కడి అలవాటు. ఏ ఏడు ఎవరి పంట పోయిందో అదే గుర్తు. మొగులయ్య చేనుచేనూ తిరిగి పందొమ్మిది కొమ్ములు పోగుచేశాడు. ఒక్కోదానికి గుడ్డపేలిక కట్టి, దాని మీద రైతు పేరూ చేను నంబరూ, తనంతట తాను నేర్చుకున్న తెలుగులో రాశాడు.

"పేరెందుకు బాపు, కొమ్ము చాలదా?" అంది సత్తెమ్మ అనే ముసలి రైతురాలు.

"పేరు లేంది సాక్ష్యమెట్లయితదే పిచ్చిదానా! రాయనియ్యి."

రాయించుకుంది. అందరూ రాయించుకున్నారు, మొగులయ్య మీద నమ్మకంతో.

షికార్‌గాలోని జంతువు రాల్చిన కొమ్ము కూడా సర్కారు సొత్తేనని, అది రైతు దగ్గర ఉన్నా దొంగతనమేనని కాయిదాలో ఎక్కడో రాసి ఉంది. ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు, ఆ కొమ్ముల కిందనే కూర్చుని, షికార్‌గా కాపలా చూసే దరోగా ఎన్నిసార్లు మజ్జిగ తాగిపోలేదు?

1947 ఫిబ్రవరిలో సభ కూడింది. ఉందానగర్ స్టేషన్లో రైలెక్కి, కొమ్ముల మూట మోసుకుంటూ వెంట వచ్చినవాడు శివయ్య, పక్క చేను రైతు. కిందటేడు పంది కాలు విరగ్గొట్టినందుకు, ఇంకోసారి పేరు పడితే భూమి జప్తు అని అతనితో వేలిముద్ర వేయించుకున్నారు.

సభలో మొగులయ్య ఉర్దూలో నిలబడి అరగంట మాట్లాడాడు. కొమ్మొకటి తీసి బల్ల మీద పెట్టాడు.  వెనక వరుసలోంచి వేట మహకమా, అంటే వేట శాఖ, అధికారి లేచి, "ఇవి ఎక్కడివి?" అన్నాడు. మొగులయ్య ఎంతో గర్వంగా చెప్పాడు, "మా రైతుల మంచెలవి హుజూర్."

ఆ మాటతోనే ఉచ్చు బిగిసింది. రాలిన కొమ్మూ సర్కారుదేనని, దాని మీద పేరున్నవాడల్లా దొంగేనని అధికారి కాయిదా వినిపించాడు.

గుమాస్తా కొమ్ములు లెక్కపెట్టుకున్నాడు. పేలికల మీది తెలుగు రాత అతనికి చదవరాలేదు. "తెలుగు చదివేటాయన మూడింటికి వస్తడు. అప్పటిదాకా మూట మీ దగ్గరే ఉండనియ్యండి మెంబర్ సాబ్, ఒక్కటి తగ్గొద్దు," అని ఒక జవానును వెంట పంపాడు.

పక్క సందులో చాయ్ హోటల్. జవాను వాకిట్లో నిలబడ్డాడు. లోపల పొయ్యి పక్కన వీళ్లిద్దరూ, మధ్యలో మూట.

"అన్నా, గీ పేలికలు తీసేద్దాం," అన్నాడు శివయ్య.

"తీస్తే సాక్ష్యం పోతది. ఆర్నెల్లు తిరిగిన్రా దీనికోసం."

"ఉంచితే మనమే పోతం గద! సత్తెమ్మను ఠాణాకు తోలుతరు. నా భూమి పోతది."

మొగులయ్య తలెత్తి చూశాడు. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. పేరు ఉంటేనే సాక్ష్యమని ఊరంతా తిరిగి చెప్పిన నోరు ఆయనదే. ఆ పేర్లు రాసిన చెయ్యీ ఆయనదే. కొమ్ములు పారేద్దామంటే లెక్కయిపోయింది. మూటతో పోదామంటే వాకిట్లో జవాను.

చివరికి ముడి విప్పాడు. ఒక్కొక్క పేలికా చదివి పొయ్యిలో వేశాడు. తన సొంత చేనుది మాత్రం అట్లే ఉంచాడు.

"ఏందన్నా, అదెందుకు ఉంచినవ్?"

"ఒక్కటన్న పేరు ఉండాలె గద. ఇగ నువ్వు స్టేషనుకు వో. నేను నిన్నెరగ, నువ్వు నన్నెరగవ్."

మూడింటికి అధికారి, ఒక్క పేలికే మిగిలిన మూట చూసి నవ్వాడు. "ఏం మెంబర్ సాబ్, అడివిల దుప్పులన్నీ నీ ఒక్కని చేన్లనే రాల్చిపోతయా?"

"నా జొన్నలు తియ్యగుంటయి హుజూర్," అన్నాడు మొగులయ్య.

ఫిబ్రవరి 27న మొగులయ్యకు మూడు నెలల ఖైదు పడింది.

ములాఖాతుకు భార్య దుర్గవ్వ వచ్చింది. కటకటాల అవతల నిలబడి, "జైల్ల పందులైతే లేవు గద, కడుపునిండ తిను," అని ఎత్తిపొడిచి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. జొన్న కోత సగం కూడా కాలేదట. మంచె మీద తనే కూర్చుంటోందట. వెనక నుంచి శివయ్య ముందుకొచ్చాడు.

"నిద్ర వడ్తలేదన్నా. నేను పోయి నా పేరు చెప్పేస్త."

"చెప్పు. నీ వెనక సత్తెమ్మ పేరడుగుతరు, ఆమె వెనక ఇంకొకలది. నేను కాల్చిందంత మళ్ల నువ్వు రాసిచ్చినట్లయితది. నోరు మూసుకొని డబ్బా కొట్టు పో."

శివయ్య కమ్మి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. లోపలివాడు బయటికి రాలేడు, బయటివాడు నోరు విప్పలేడు. సిపాయి వచ్చి వేళయిందన్నాడు.

సవాలును సభ కొట్టేయలేదు. అడిగినవాడే లేచి నిలబడి మళ్లీ అడగాలని, జూన్ కూటానికి వాయిదా వేసింది. ఆ కాగితం మొగులయ్య జైల్లోనే తెప్పించుకున్నాడు. తుమ్మలకుంటలో ఇప్పుడు అందరి నోటా ఒకటే తేదీ, మొగులయ్య తిరిగి వచ్చేది: 1947 మే 27, మంగళవారం.