ట్రిగ్గర్ లేని గొట్టం

నా చెయ్యి వణకదు. గొప్పకు చెప్పడం లేదు, కడుపుమంటతో చెబుతున్నాను.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఇరవై ఏళ్లుగా ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. కోతల రోజుల్లో వేములపల్లి వైపు రోడ్డు పొడవునా వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. అలాంటప్పుడు మిషన్ ఆగిందా, మా ప్రాణాలు తోడేస్తారు. ఆ బతుకులో ఆదివారం ఒక్క పూట నాకోసం దాచుకున్నాను. హుజూర్‌నగర్ మీదుగా బస్సులో కోదాడ వెళ్లి, అక్కడ రిటైరైన ఒక డ్రిల్లు సారు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎయిర్ పిస్టల్ కాల్చేవాణ్ని. పది మీటర్ల దూరంలో ఒక కాగితం, దాని మధ్యలో నల్లటి గుండ్రం. అంతే. తాగుడు లేదు, పేకాట లేదు, ఈ పిచ్చి ఒక్కటే ఉందని మా ఆవిడ చుట్టాలకు చెప్పేది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు.

సారుకు అప్పటికే చూపు మందగించింది. ఎదుటి మనిషి ముఖమే మసకమసకగా కనిపిస్తుందనేవారు. కాగితం మీద బెజ్జం ఎక్కడ పడిందో ఆయనకు కనిపించదు. కానీ ఒక గుండుకూ ఇంకో గుండుకూ మధ్య ఎంతసేపు పట్టిందో చెవులతో విని, నేను ఎలా కాల్చానో చెప్పేసేవారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి నేను మిగిలాను. షెడ్డు తీసేసి అక్కడ ఒక గది వేద్దామని ఇంట్లోవాళ్లు ఆయన చెవిలో జోరీగల్లా పోరుతుండేవారు. ఆ షెడ్డు నుంచి ఒక్కరైనా రాష్ట్ర పోటీకి వెళ్లాలి, ఆ తర్వాత ఏమైనా చేసుకోండి అని ఆయన మొండికేశారు. ఆ ఒక్కరూ నేనే కావాలి. వేరే దిక్కు లేదు. సూర్యాపేటలో జరిగే ఎంపిక పోటీలో కావలసిన స్కోరుకు నేను నాలుగు పాయింట్ల దూరంలో ఉన్నాను.

సరిగ్గా అప్పుడే మా మిల్లుకు మిషన్లు అమ్మిన కంపెనీ నన్ను తూర్పు ఆఫ్రికాకు పంపింది. అక్కడొక చిన్న ఊళ్లో కొత్త రైస్ మిల్లు బిగించి, నడపడం నేర్పి రావాలి. ఏడాదిన్నర పని. చెప్పడానికి కోదాడ వెళ్లాను. సారు, "వెళ్లిరా అయ్యా. నువ్వొచ్చి సూర్యాపేట పోటీలో కాల్చేదాకా ఈ షెడ్డు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను" అన్నారు.

పిస్టల్ తీసుకెళ్లడం కుదరలేదు. ఎయిర్ పిస్టలే, పక్షి కూడా చావదని ఎంత మొత్తుకున్నా, ఆ మాట వినగానే కంపెనీవాళ్ల ముఖాలు మారిపోయాయి. అక్కడికి వెళ్లాక ఒక సెలవు రోజు తెల్లారకముందే బస్సెక్కి పెద్ద పట్నంలోని షూటింగ్ క్లబ్బుకు వెళ్లాను. సభ్యత్వానికి రెండేళ్లుగా అక్కడ ఉంటున్నట్టు కాగితం కావాలన్నారు. నా కాంట్రాక్టే ఏడాదిన్నర. మర్యాదగా టీ ఇచ్చి పంపించారు. ఆ టీ అంత చేదు టీ నేను మళ్లీ తాగలేదు.

మా మిల్లుల్లో బస్తా విప్పకుండా బియ్యం శాంపిల్ తీయడానికి మొన తేలిన ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. బస్తాలో గుచ్చితే గింజలు అరచేతిలోకి జారుతాయి, నూక ఎంత ఉందో చూస్తాం. అలాంటిది ఒకటి నా సామాన్లలో ఉంది. దానిలో ఇసుక నింపి, రెండువైపులా గుడ్డ కుక్కి, పిస్టల్ బరువుకు తెచ్చాను. పట్టుకోవడానికి కొయ్యముక్క చెక్కి బిగించాను. గది గోడ మీద నల్లటి కాగితం గుండ్రంగా కత్తిరించి అంటించాను. రోజూ పని అయ్యాక చెయ్యి చాచి, ఆ గొట్టాన్ని గుండ్రం కింద నిలబెట్టేవాణ్ని. మొదట పది సెకన్లు, తర్వాత ముప్పై. ఆరు నెలలు తిరిగేసరికి నిమిషం పాటు కూడా కదిలేది కాదు. ఒకసారి కిటికీలోంచి చూసిన వాచ్‌మన్ హడలిపోయి మేనేజరును పిలుచుకొచ్చాడు. ఇసుక ఒలకబోసి చూపించాక గానీ ఇద్దరూ నవ్వలేదు.

వీడియో కాల్‌లో మా ఆవిడ చూసి, "గా గొట్టం వట్టుకొని గోడకు మొక్కుతున్నవా ఏంది?" అంది. నవ్వి ఊరుకున్నాను. కానీ నిజంగానే అది మొక్కులాగే అయిపోయింది. ఆ పరాయి ఊళ్లో మిషన్ మొరాయించినా, కూలీలకు నా మాట అర్థం కాక తల పట్టుకున్నా, ఆ నిమిషం మాత్రం నాది. చెయ్యి కదలకుండా ఉంటే లోపల కూడా అన్నీ సర్దుకున్నట్టు ఉండేది. అందుకే వదలబుద్ధి అయ్యేది కాదు.

సారు ఆదివారాల్లో ఫోన్ చేసేవారు. గొట్టం సంగతి చెబితే మొదటి నెలలోనే అడిగారు, ఉత్తినే పట్టుకుంటున్నావా, ట్రిగ్గర్ లాంటిది ఏదైనా పెట్టుకుని నొక్కుతున్నావా అని. ఎనిమిది సెకన్లు దాటితే దించెయ్యాలి, వేలికి పని చెప్పకుండా చెయ్యి ఒక్కదాన్నే నిలబెడితే వేలు మొద్దుబారిపోతుందని హెచ్చరించారు. నేను, "పెట్టిన సార్, నొక్కుతున్న" అన్నాను.

పెట్టలేదు. ఒక స్ప్రింగు, ఒక రేకుముక్క, పది నిమిషాల పని. ఫిట్టర్‌ను నేను. మిల్లంతా బిగించినవాణ్ని. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని ఏడాదిన్నర గడిపేశాను. నిజం చెప్పాలంటే నొక్కితే చెయ్యి కదులుతుంది, ఆ నిశ్చలం చెడుతుంది. అది నాకు ఇష్టం లేకపోయింది. ప్రతి ఆదివారం ఆయన అడిగేవారు, ప్రతి ఆదివారం నొక్కుతున్నాననే చెప్పాను.

పోటీకి పది రోజుల ముందు తిరిగి వచ్చాను. సారు షెడ్డు ఊడ్పించి, నా పిస్టల్‌కు నూనె పెట్టి ఉంచారు. ఎత్తాను. గురి చూసే సైటు గుండ్రం కింద రాయిలా నిలబడింది. ఇంత బాగా నా జన్మలో నిలబడలేదు. నొక్కమని వేలికి చెప్పాను. కదలలేదు. ఇంకాస్త కుదురుగా రానీ అనిపించింది. ఆ కాస్త కోసం ఆగీ ఆగీ కళ్లల్లో నీళ్లు తిరిగి దించాల్సి వచ్చింది. మళ్లీ ఎత్తాను, మళ్లీ అంతే. వెనక నుంచి సారు, "ఏమైందయ్యా, చప్పుడే రాలేదు?" అన్నారు. ప్రయాణం బడలిక అన్నాను. పది రోజులూ మిల్లు ఎగ్గొట్టి కోదాడ తిరిగాను. బాగుపడలేదు.

సూర్యాపేటలో పోటీ. డెబ్బై అయిదు నిమిషాల్లో అరవై గుండ్లు కాల్చాలి. పక్కవాళ్లంతా టప్ టప్‌మని కాలుస్తుంటే నేను ఒక్కో గుండుకు మూడుసార్లు ఎత్తుతూ దించుతూ నిలబడ్డాను. కాల్చినవి బాగానే పడ్డాయి, అదే నా ఖర్మ. టైమ్ అయిపోయిందని అరిచేసరికి డబ్బాలో ఇంకా పదకొండు గుండ్లు ఉన్నాయి. కాల్చని గుండుకు సున్నా. స్కోరు చూడాల్సిన పని కూడా లేకపోయింది. వెనక కుర్చీలో సారు తల వంచుకుని కూర్చున్నారు. నేను నిలబడ్డ వరసలోంచి చప్పుడు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకున్నారని ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

సూర్యాపేట బస్టాండుకు నడిచాం. ఆయన కోదాడ పోవాలి, నేను మిర్యాలగూడ. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ల సీసా ఇచ్చాను. సగం తాగి, నా కుడిచెయ్యి వెతుక్కుని పట్టుకుని, చూపుడు వేలును బొటనవేలితో తడిమారు.

"నీ తప్పేం లేదయ్యా. కళ్లు కనపడనోణ్ని, నీ వేలు ఎట్టా ఉందో చూడకుండానే ఇన్నేళ్లు నేర్పా. నాదే తప్పు" అన్నారు.

కాదు సార్, నేను మీకు అబద్ధం చెప్పిన అనాలి. నాలుగు మాటలు. నోటి దాకా వచ్చాయి. ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం అబద్ధమాడానని ఆ మనిషికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? కోదాడ బస్సు వచ్చింది. చెయ్యి పట్టి ఎక్కించి, కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, దిగిపోయాను.

నెల తిరక్కుండానే షెడ్డు తీసేశారు. తనకు నేర్పడం చేతకాలేదని సారు అందరితో అంటున్నారట. నేను ఇప్పటికీ వెళ్లి చెప్పలేదు.