ఆదివారపు మరమ్మతు

మోటార్లు చుట్టే ఆ మెకానిక్‌కి ఆదివారం వచ్చిందంటే వేళ్లు దురదపెడతాయి. కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. నల్లతెర మీద కమాండు కొడుతున్నంతసేపూ నాలుక పెదవి మూలకు చేరుతుంది. ఎంటర్ నొక్కిన చెయ్యి వేడి గిన్నె మీద మూత ఎత్తినట్టు చటుక్కున పైకి లేస్తుంది. పాడైనదాన్ని బాగుచేసేదాకా అన్నం సహించదు. చిక్కల్లా పాడవనిదాన్ని కూడా బాగుచేయడంతోనే. పుస్తకాలకు పేజీలు కట్టి అచ్చుకిచ్చే భార్య కంప్యూటర్‌ని ఒకసారి "ఊరికే కాస్త చురుకు చేస్తా"నని పట్టుకుంటే అది రెండు రోజులు లేవలేదు. అప్పట్నుంచి ఆవిడ మూలనున్న పాత కంప్యూటర్‌ని ఆయనకు ఎరగా వేస్తోంది. శనివారం దాని సౌండ్ ఆపేయడమో, వైఫై కట్టేయడమో చేస్తుంది. ఆదివారమంతా ఆయన దాంతో కుస్తీ పడతాడు, ఆవిడ పని ఆవిడ చేసుకుంటుంది.

ఈసారి సాయంత్రానికల్లా ఒక పుస్తకం ప్రెస్సుకు చేరాలి. ఆ హడావిడిలో పాతదాన్ని చెడగొట్టడం మరిచిపోయింది. ఆయన అన్నీ నొక్కి చూశాడు. పాట వినిపించింది, నెట్ వచ్చింది. మొహం వేలాడేసి, మెల్లగా ఆవిడ కంప్యూటర్ వైపు తిరిగాడు.

"నీదేమన్నా నెమ్మదిగా ఉందా?"

"నాది బంగారంలా ఉంది, ముట్టుకోకండి! ముందు మీదాని మౌస్ సంగతి చూడండి."

"చూశానే, బ్రహ్మాండంగా కదులుతోంది."

"నేను చెప్పేదీ అదే. నిన్న చెయ్యి వేశానో లేదో తెర మీది బాణం ఎటో పారిపోయింది. అంతలా కదలొచ్చా అసలు?"

ఆయన మౌస్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నిజమేనే! ఇది మామూలు జబ్బు కాదు."

"సాయంత్రం దాకా పడుతుందా?" అంది ఆవిడ ఆశగా.