గంజి పెట్టిన గాడిద

ఆ రోజుల్లో నాకు అక్షరం రాదు. ఇప్పుడు వచ్చిందని గొప్ప చెప్పుకోవడానికి కాదు గాని, ఈ సంగతి ఇన్నాళ్లు ఎందుకు రాయలేదో ముందు చెప్పాలి. మా అయ్య నన్ను బళ్లో వేద్దామని పలక కొన్న రోజునే మా పుట్టింటి గాడిద తాడు తెంపుకుని పోయింది. వెతకడానికి నన్ను పంపారు. సాయంత్రానికి దాన్ని ఈడ్చుకుని వచ్చేసరికి పలక మా చెల్లి ఒళ్లో ఉంది. అది చదువుకుంది, నేను గాడిద వెనక నడిచాను. మనవలు పుట్టాక, కాలనీ ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట అక్షరాలు నేర్పుతున్నారంటే వెళ్లి కూర్చున్నాను. అక్కడా ఒక చిక్కొచ్చింది. నేను రాయాలనుకున్నది మా అత్తింటి గాడిద గురించి. 'గాడిద' అని రాయాలంటే 'డ' కావాలి, 'ద' కూడా కావాలి. (ఆ రెండింటినీ తెచ్చి ఒకే మాటలో పెట్టినవాడెవడో గాని, నా మీద కోపంతోనే పెట్టి ఉంటాడు.) నా చేతిలో రెండూ ఒకేలా పడేవి. అవి విడిపోవడానికే ఒక చలికాలం పట్టింది. విడిపోయాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

పెళ్లయి గాజువాక వచ్చిన కొత్త. మా అత్తవారిదీ బట్టలుతికే ఇల్లే. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను, నాకన్నా చాలా ముందు నుంచి ఉన్న ఒక ఆడగాడిద. దాని పేరు కలెక్టరమ్మ. మూట వీపున పెట్టాక కూడా తనకు తోచినప్పుడే కదిలేది. ఎవరెంత బతిమాలినా పని ముందుకు సాగేది కాదు. అందుకని ఆ పేరు. ఇంట్లో మొదటి కుడితి దానికి, తరువాత మా ఆయనకు. (ఆయనకు పెట్టేది కుడితి కాదు లెండి, చారన్నం. చూడ్డానికి పెద్ద తేడా ఉండేది కాదు.)

అలాంటి ఇంట్లోకి మా ఆయన మోపెడ్డు కొని తెచ్చాడు. అదే నెలలో మా పాక ఉన్న జాగాలో మేడ కడతామని, ఆదివారానికల్లా ఖాళీ చెయ్యమని స్థలం వాళ్లు చెప్పారు. మాకు దొరికింది ఒక మేడ మీది వాటా. కలెక్టరమ్మ మెట్లెక్కదు. ఎక్కినా కింది వాటావాళ్లు ఊరుకోరు. ఈ కబురు తెలిసి అచ్యుతాపురం వైపు నుంచి ఇటుకల బట్టీ మేస్త్రి ఒకడు రావడం మొదలెట్టాడు. వచ్చినప్పుడల్లా దాని నడుం మీద తట్టి, "ఆదివారం దాకా ఎవులూ రాపోతే నాను తోలుకుపోతాను బావా," అని మా ఆయనతో అనేవాడు. బట్టీలో గాడిదలు ఎలా కుంటుతాయో మా అత్త చూసింది. "ఊరందరి పెళ్లి సీరలూ మోసిన నడ్డి అది. దాన్మీద ఇటుకలెట్టనివ్వను," అని రెండు పూటలు అన్నం మానేసింది. (మూడో పూట చేపల పులుసు వండాను. తింది.)

దారి చూపించింది మా వీధి చివర దర్జీ భాయ్. ఆయన దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక టీచరమ్మ, పదవీ విరమణ అయ్యాక భర్తతో కలిసి ఊరి బయట తోటలో ఉంటోంది. బీచిలో పిల్లలను ఎక్కించుకుని తిరిగి తిరిగి ముసలిదైపోయిన ఒక గుర్రాన్ని వాళ్లు తెచ్చి పెంచుకుంటున్నారు. అది ఒంటరితనంతో మేత ముట్టడం లేదట. తోడుగా ఒక గాడిద ఉంటే తింటుందని ఎవరో చెప్పారట. టీచరమ్మ భాయ్ కొట్టుకు ఫోను చేసింది. పొట్టకు పట్టీ, వీపు మీదికి దుప్పటి కుట్టించాలి, షెడ్డుకు తలుపు పెట్టించాలి, గాడిద సైజు చెప్పమంది.

భాయ్ మెడలో టేపు వేసుకుని వచ్చాడు. ఆయనకు జాకెట్టు కొలతలు తెలుసు గాని గాడిద కొలతలు తెలియవు. చుట్టూ ఒకసారి తిరిగి, "భుజం ఎక్కడ మొదలవుద్దమ్మా దీనికి?" అన్నాడు.

"మెడ అయిపోయిన కాడ," అంది అత్త.

"చంక?"

"నీకు కుట్టమన్నది రవిక కాదు భాయ్. పొట్ట కొలువు."

పొట్ట కిందనుంచి టేపు అందుకోవడం నా పని. తంతుందేమోనని జానెడు దూరంలో, బాగా వదులుగా పట్టుకున్నాను. వచ్చిన కొలతకు భాయ్ కుట్టులోకి పోతుందని కొంత కలిపాడు. రేపు తోటలో తిని లావెక్కితే విప్పుకోవడానికని ఇంకొంత కలిపాడు. అప్పుడు మా అత్త కలగజేసుకుంది. బట్టలుతికే ఇళ్లలో అన్నిటికన్నా పెద్ద భయం గుడ్డ కుంచించుకుపోవడం. చొక్కా పొట్టిదైందని ఎంతమంది చేత మాటలు పడిందో ఆమెకే తెలుసు. "కొత్త గుడ్డ. ఒక్క ఉతుక్కి కుంచుకుపోద్ది. మళ్లా మనల్నే అంతారు. ఇంకో మూరెడు ఎయ్యి," అంది. వేశాడు. ఎత్తు చెవులతో కలిపి చెప్పాడు. చెవులు కూడా నేనే పైకి లాగి పట్టుకున్నాను.

ఫోనులో ఆ కొలతలు విన్న టీచరమ్మ, "ఇది గాడిదేనా అండీ? మా గుర్రం కంటే పెద్దదిగా ఉందే," అందట.

"గాజువాక గాడిద మేడమ్," అన్నాడట భాయ్.

శనివారం కలెక్టరమ్మను మేం బట్టలుతికే గెడ్డ వాగుకు తీసుకెళ్లి ఉతికాం. స్నానం చేయించామని రాయాలి గాని, మాకు తెలిసింది ఉతకడమే. సోడా, సబ్బు, కొబ్బరి పీచు. మోకాళ్లు మురికి కాలర్లలా ఉన్నాయని అత్త విడిగా రుద్దింది. ఏళ్లుగా పట్టిన బురద, ఉండలు కట్టిన జుట్టు, ఎప్పుడో ఇరుక్కున్న చొక్కా గుండీ ఒకటి నీళ్లలో కొట్టుకుపోయాయి. పొట్ట తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్ల బట్టలకు వేసినట్టే నీలిమందు వేశాం. కాస్త ఎక్కువ పడింది. మెడ మీది జూలు సరిచేద్దామని నేను కత్తెర పట్టాను. ఒకవైపు పొట్టిదైంది, రెండోవైపు దానికి సరిచేస్తే అది ఇంకా పొట్టిదైంది. చివరకు మా ఆయన పెళ్లినాటి క్రాఫులా తేలింది. ఆరాక ఒళ్లంతా వెంట్రుకలు పైకి లేచి నిలబడితే, అణగడానికి అత్త పలచగా గంజి పట్టించింది. నా పెళ్లిచూపులకు మా అమ్మ ఇందులో సగం సబ్బు కూడా ఖర్చుపెట్టలేదు.

ఆదివారం పొద్దున్న పెద్ద లారీ వచ్చి ఆగింది. టీచరమ్మా, ఆమె భర్తా గుర్రాన్ని పశువుల డాక్టరుకు చూపించి అదే లారీలో మా ఇంటికి వచ్చారు. బట్టీ మేస్త్రి అప్పటికే తాడు చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. టీచరమ్మ దిగి, కలెక్టరమ్మను చూసి, దాని వెనక్కి చూసింది.

"పెద్దది ఏదీ?"

"పెద్దదేటమ్మా?" అంది అత్త.

"ఇది పిల్ల కదా. మీరు కొలతలు చెప్పిన గాడిద ఎక్కడ?"

"అది ఇదేనమ్మా."

టీచరమ్మ భర్త, భాయ్ కుట్టి పంపిన పట్టీ తెచ్చి పొట్టకు చుట్టి చూశాడు. ఇంకో గాడిద కూడా పట్టేంత చోటు మిగిలింది. ఆయన చెయ్యి వదలగానే పట్టీ జారి కింద పడింది. కలెక్టరమ్మ జారిన లంగాలోంచి బయటికొచ్చినట్టు అందులోంచి అడుగు బయటపెట్టింది. "పొట్ట నీలంగా ఉందేమిటి? ఏదైనా జబ్బా?" అంది టీచరమ్మ. ఆమె గొంతు మారిపోయింది. మోసం చేశామనుకుంటోందని నాకు అర్థమైంది. మేస్త్రి లేచి తాడు విప్పుతూ, "మేడమ్‌గారికి ఒద్దంతే నాను తోలుకుపోతాను. నాకు సైజుతో పన్నేదు," అన్నాడు.

"పట్టీ కుంచుకుపోద్దని ఎక్కువ సెప్పినామమ్మా," అంది అత్త నీరసంగా. "గాడిద కుంచుకుపోనాది."

టీచరమ్మ నవ్వలేదు. లారీ వైపు తిరిగింది. అత్త ముందు నోరెత్తని కోడల్ని, నాకెక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. కలెక్టరమ్మ చెవి పట్టుకుని లారీ దగ్గరికి లాక్కెళ్లాను. "సైజు నేకపోతే పోనీండమ్మా. తోడు కదా కావాల. గుర్రాన్నే అడగండి," అన్నాను.

లారీ వెనక తలుపు దించి ఉంది. గుర్రం తల వేలాడేసుకుని నిలబడి ఉంది. దాని మెడ మెల్లగా కిందికి వచ్చింది. కలెక్టరమ్మ వీపు వాసన చూసింది. ఒకసారి నాకింది. ఆగింది. మళ్లీ నాకింది. తరువాత మెడ నుంచి తోక దాకా, పళ్లెం ఊడ్చినట్టు నాకడం మొదలెట్టింది.

"మొన్నటి నుంచి గడ్డిపరక ముట్టలేదు," అంది టీచరమ్మ. "ఏం రాశారు దానికి?"

"గంజమ్మా," అంది అత్త. "బట్టలకి ఎట్టేదే."

టీచరమ్మ గుర్రం వైపు చూస్తూ, "రోజూ పెట్టాలా?" అని అడిగింది. అప్పుడు మేస్త్రి తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు.

లారీకి బల్ల వేస్తే కలెక్టరమ్మ ఎవరూ చెప్పకుండానే ఎక్కి గుర్రం పక్కన నిలబడింది. "నా మాటకి ఎప్పుడూ ఇంత బేగి కదల్నేదు," అని అత్త ముఖం తిప్పుకుంది. లారీ కదిలాక మాత్రం వెనకే నాలుగడుగులు నడిచి, "ఎండలో ఉంచకండమ్మా, ఇంకా కుంచుకుపోద్ది," అని కేకేసింది. ఆ మాట హాస్యానికి అన్నదో, నిజంగానే అన్నదో ఈనాటికీ తెలియదు. కొంగుతో ముక్కు తుడుచుకుంటున్న మనిషిని ఎవరడుగుతారు?

అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. చెవులు లాగి పట్టుకుని ఎత్తు చెప్పిన పిల్ల అది. మర్నాడు పొద్దున్న మా ఆయన మోపెడ్డెక్కమంటే వద్దని, ఉతికిన బట్టల మూట నెత్తినెట్టుకుని, కలెక్టరమ్మతో రోజూ వెళ్లే దారినే నడిచి బయల్దేరాను. కరెంటు స్తంభం దగ్గర ఆగాను. సినిమా పోస్టర్ల గోడ దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాను. (కలెక్టరమ్మ హీరోలను తినేది, హీరోయిన్లను వదిలేసేది.) ఎందుకు ఆగుతున్నానో తెలియకుండానే ఆగుతున్నాను. టీ కొట్టు ముందు కూడా కాళ్లు వాటంతటవే నిలబడిపోయాయి. కొట్టతను పాలు కాస్తూ, తలెత్తకుండా, రోజూలాగే ఎండిపోయిన బన్ను ముక్క ఒకటి నోటి ముందుకు చాపాడు.

తీసుకుని, మూట దించకుండానే తిన్నాను.