టైలర్ మామ ఓడిన ఆదివారాలు

మా టైలర్ మామ పోయాడు. బుధవారం పొద్దున గుండెల్లో మంటగా ఉందని తనే నడుచుకుంటూ వెళ్ళి టాక్సీ ఎక్కాడట. మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. అది వచ్చేటప్పటికి నేను ఆయన కేరియర్లోనే పప్పు పోస్తున్నాను. వినీ విననట్టు పప్పు పోసి, పెరుగు గిన్నె కూడా పెట్టి, కేరియర్ బిగించి, ఆ తర్వాత కింద కూలబడ్డాను.

ఆయన మాకు చుట్టం కాదు. మాది నెల్లూరు, ఆయనది ప్రొద్దుటూరు పక్కన పల్లె. దుబాయ్‌లో, నైఫ్ అనే పేటలో మేముండే బిల్డింగు కింద ఆటల బట్టలమ్మే చిన్న అంగడి ఒకటుంది. అందులో జెర్సీల మీద పేర్లూ నంబర్లూ వేడి మిషనుతో అతికించడం ఆయన పని. నేను మూడో అంతస్తులో వంట చేసి, చుట్టుపక్కల ఒంటరిగా ఉండే మగవాళ్ళకు కేరియర్లు కడతాను. ఆయన నన్ను 'పాపా' అనేవాడు, నేను 'మామా' అనేదాన్ని. మా బంధుత్వం అంతే.

ఆ సాయంత్రం అంగడి యజమాని మా గుమ్మం దగ్గరకొచ్చాడు. మలయాళీ, మంచివాడే. కళ్ళు తుడుచుకుంటూ, "భాభీ, ఘర్‌వాలోం సే పూఛో. ఇధర్ యా ఉధర్?" అన్నాడు. ఇంట్లోవాళ్ళను అడగమని, ఇక్కడే మట్టి చేయడమా, ఊరికి పంపడమా అని. ఏదో ఒకటి వెంటనే చెప్పాలి. మామ వాళ్ళది ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబుల కుటుంబం, ఆయన భార్యకు హిందీ రాదు. అందుకని ఆ ప్రశ్న నా నోటితోనే అడగాల్సి వచ్చింది.

అత్తను నేను ఎన్నడూ చూడలేదు. ఫోన్లో ఏడ్చి ఏడ్చి, కాస్త తెరిపిన పడ్డాక నన్నే తిరిగి అడిగింది. "నాకు తల పనిజేయడంల్యా పాపా. రోజూ నీ సేతి కూడు తినే మనిషి. నీతో ఏమన్నా అన్యాడా? ఈడికి రావాలనుండెనా, ఆడనే ఉండాలనుండెనా? గ్యాపకం జేసుకో, మళ్ళా జేస్తా" అని పెట్టేసింది.

ఏమని జ్ఞాపకం చేసుకోను? ఇన్నేళ్ళూ ఆ మనిషి నాతో మాట్లాడిందంతా ఒక్కదాని గురించే. స్పెయిన్ దేశంలో, సముద్రపు ఒడ్డున ఏదో చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు గురించి!

నవ్వకండి. దాని వెనక కథ ఉంది. మామ అంతకుముందు ఒక పెద్ద టైలరింగు షాపులో కోట్లు కత్తిరించే మాస్టరు. కరోనాకు ముందటేడు అది మూతపడితే ఈ అంగట్లో చేరాడు. ఆ రోజుల్లోనే యజమాని ఒక జెర్సీల డబ్బా తెప్పించాడు. పచ్చ తెలుపు చారలు చూసి ఏదో పేరున్న టీమువనుకున్నాడు, బొమ్మ చూడలేదు. తీరా విప్పితే ఛాతీ మీద వేరే గుర్తు ఉంది. ఒక చేప, ఒక లంగరు. కొనడానికి వచ్చినవాడల్లా ఆ చేపను చూసి, "యే కౌన్సా టీమ్ హై భాయ్?" అని, ఇదే టీమో తెలియక, పక్కన పడేసి పోయేవాడు. చివరికి యజమాని వాటిని నేల తుడవడానికి వాడమన్నాడు. మామకు మనసొప్పలేదు. "ఎవురో ఒకరు ప్రాణం పెట్టిన బొమ్మ పాపా ఇది, దీంతో నేల తుడిస్తే పాపం తగుల్తాది" అన్నాడు.

తర్వాత కరోనా వచ్చి నైఫ్ మొత్తం మూసేశారు. మామ ఉండేదీ మా బిల్డింగులోనే, ఎవరూ బిల్డింగు దాటేది లేదు. ఆ ఖాళీలో మామ చేప బొమ్మను ఫోటో తీసి, ఫోన్లో వెతికి వెతికి, ఆ క్లబ్బు చరిత్రంతా తవ్వాడు. ఫోన్ చేసే అనువాదం మీకు తెలుసు కదా, గోల్‌కీపరును 'లక్ష్య కాపలాదారు' అనేది. దాన్నే మా గుమ్మం అవతల నిలబడి, మూతికి మాస్కుతో, పురాణం చెప్పినట్టు చెప్పేవాడు.

చేపలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ కూలీలు పెట్టుకున్న క్లబ్బట అది. ఒకప్పుడు అన్నిటికంటే పై డివిజన్లో కొన్నాళ్ళు ఆడింది. పెద్ద పెద్ద టీములు ఆ ఊరికొచ్చి వానలో, బురదలో చెమటలు కక్కి పోయేవట. తర్వాత రెండో డివిజన్‌కు దిగింది. అక్కడ చాలాకాలం పట్టుకుని వేలాడి, మూడోదానికి జారింది. ఫ్యాక్టరీలు పోయాయి, ఆటగాళ్ళకు జీతాలు లేవు, చివరికి క్లబ్బే మూతపడింది. అప్పుడు ఊళ్ళో జనం కలిసి, పేరులో ఒక ముక్క మార్చి, అవే చారలు వేసుకుని, అన్నిటికంటే కింద, పేటల టీములు ఆడే లీగులో మళ్ళీ మొదలుపెట్టారు. సొంత గ్రౌండు కూడా లేదు, పక్కూరి గ్రౌండులో ఆడేవాళ్ళు. మెట్టు మెట్టుగా ఎక్కుతూ వచ్చారు.

"చచ్చిందాన్ని మళ్ళీ పుట్టించారంటే అది వేరే క్లబ్బు కదా మామా? పాతదెట్లవుతుంది?" అన్నాను ఒకసారి, ఉడికిద్దామని.

నిజంగానే ఉడుక్కున్నాడు. "అదే ఊరు, అదే జనం, అవే సారలు. యాడ ఆడితే అదే సొంత గ్రౌండు. నేను నైఫ్‌లో పండుకుంటే ప్రొద్దుటూరోణ్ణి కాకుండా పోతానా?" అన్నాడు. ఇంకోసారి అదే మనిషి, ఆ క్లబ్బు పాత గ్రౌండుకు తిరిగొచ్చిన రోజు సంగతి చెబుతూ, "సొంత మట్టి మీద ఆడితేనే పాపా ఆట. మిగతాదంతా కాలక్షేపం" అన్నాడు. ఏది నిజమని అత్తకు చెప్పను?

ఆ డివిజన్ల లెక్క నాకు ఏనాడూ తలకెక్కలేదు. కరోనా తర్వాత అక్కడివాళ్ళు లీగులన్నీ మార్చేశారు. రెండోదానికీ పాత మూడోదానికీ మధ్య కొత్తది ఒకటి పెట్టి, దానికి 'ఫస్ట్' అని పేరు పెట్టారట. పైనుంచి చూస్తే అది మూడోది. మా లిఫ్టులో గ్రౌండు, దాని పైన మెజనైన్ అనే అర అంతస్తు దాటాకే ఒకటో అంతస్తు వస్తుంది చూడండి, అట్లాంటి తిరకాసే. మామకు మాత్రం కడుపు మండిపోయింది. "మనోళ్ళు కదల్లేదు పాపా. ఉన్నకాడనే ఉన్నారు. వాళ్ళ నెత్తిన ఇంకో అంతస్తు కట్టినారు!" అని అంగట్లో అందరికీ వినపడేట్టు అరిచాడు. మెడలో వేలాడే కొలతల టేపును వేళ్ళకు చుట్టుకుంటూ, "నేనూ ఒక డివిజన్ దిగినోణ్ణేలే" అన్నాడు. కోట్ల పని పోయినా ఆ టేపు మాత్రం ఎప్పుడూ మెడలోంచి తీయలేదు.

ఆదివారం అక్కడ ఆట జరిగేసరికి ఇక్కడ సాయంత్రమవుతుంది. ఓడినరోజు మామ కేరియర్ కిందికి పంపనిచ్చేవాడు కాదు. తనే పైకొచ్చి, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, పళ్ళెంలో పెట్టమని అక్కడే తినేవాడు. తినేదాకా మాట ఉండదు. "ఓటమిని కూటికి ముందర జెప్పగూడదు. తిన్నది ఒంటబట్టదు" అనేవాడు. చెయ్యి కడుక్కున్నాక మొదలు. ఎవడు జారాడు, ఎవడు బంతి వదిలేశాడు, అంతా. అన్నీ చెప్పి చివర్లో అనేవాడు: "నేను ఊరికి బోయి ఏం జేసేది పాపా? ఈడనే ఉండిపోతా. మట్టి యాడైనా మట్టే."

ఎన్ని ఆదివారాలు అట్లా తిన్నాడో. నాకు ఒక్కటే అర్థమయ్యేది కాదు. ఎప్పుడూ ఓడే టీము మెట్టు మెట్టుగా ఎట్లా ఎక్కుతోంది? అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

అత్త మళ్ళీ ఫోన్ చేసింది. నాకు తోచిందే చెప్పాను. "ఇక్కడే ఉంటానని చాలాసార్లు అన్నాడత్తా. ఆయన టీము ఓడినప్పుడల్లా అనేవాడు."

"ఓడిందా? ఎప్పుడోడింది?" అంది అత్త.

"ఎప్పుడూ ఓడేది కదత్తా."

"నువ్వు ఏ టీము గురించి చెబ్తాండావు పాపా? సేప బొమ్మదేనా? అది నాకు తెలిసి ఒక్కసారి గూడా ఓడలా. ఆదివారం ఫోన్ జేసినాడంటే గెలిచినట్టే. 'గెలిచినామే, వచ్చే ఏడు వచ్చేస్తా, ఇంగ ఇంటికాడనే' అనేటోడు."

నాకు మతి పోయినట్టయింది. ఏదో సర్దిచెప్పాలని, "అదికాదత్తా, ఆ జెర్సీలకు నంబర్లు అతికించే పనిలో విసుగొచ్చి అట్లా అనుంటాడు" అన్నాను.

"నంబర్లేంది? కోట్లు గదా కుట్టేది?"

అప్పుడు ఇద్దరికీ తెలిసింది. గెలిచిన రోజు ఆమెకు ఫోను, ఓడిన రోజు నా గుమ్మం దగ్గర అన్నం. ఆమెకు తెలిసిన టీము ఎప్పుడూ గెలిచేది, నాకు తెలిసింది ఎప్పుడూ ఓడేది. ఆయనకు తెలిసిందేదో మా ఇద్దరికీ తెలియదు. నాకు ఆయన మీద ఎక్కడలేని కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపమేంటని సిగ్గూ వేసింది. నా కోపం ఎవరి తరఫునో కూడా తెలియలేదు.

అత్తే అడిగింది. "ఆకరాట ఏమైంది? మొన్న ఆదివారం?"

ఆ ఆదివారం మామ పైకి రాలేదు. గెలిచారనుకున్నాను. అత్తకూ ఫోను పోలేదు, ఓడారనుకుందట. ఫోన్లో వెతికాను. "సమానం అత్తా. చెరొక గోలు."

ఇద్దరం ఆ 'సమానం' పట్టుకుని నిలబడిపోయాం. బయట రోడ్డు మీద కూలీల బస్సు ఒకటి ఆగి, హారన్ కొట్టి, పోయింది. అత్త ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"నాకు ఎప్పుడూ గెలిచినోణ్ణే పంపినాడు పాపా. ఓడినోణ్ణి నేను ఒక్కపారి గూడా సూడలా. ఆయప్పకు కూడు పెట్టింది నువ్వు, నేను గాదు. ఈపారి నా దగ్గిరికే పంపియండి."

యజమాని కాగితాలన్నీ తనే తిరిగి పూర్తి చేయించాడు. శనివారం మామ ఊరు చేరాడు. అత్త అనుకున్నది సరైనదో కాదో, మామ ఏం కోరుకున్నాడో, ఇప్పటికీ నాకు తేలలేదు. ఎవరన్నా అడిగితే రెండు మాటలూ చెబుతాను.

మొన్న ఆదివారం కేరియర్లు కట్టేశాక, ఎందుకో తెలియదు, నేనే కంప్యూటర్లో ఆ ఆట పెట్టుకున్నాను. ఆట గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. చారలవాళ్ళు ఓడారని మాత్రం వాళ్ళ ముఖాలు చెప్పాయి. స్టూలు ఖాళీగా ఉంది. ఎవరికి చెప్పాలో తోచలేదు. అత్తకు ఫోన్ చేశాను.

"ఓడిపోయారత్తా."

"తిన్న్యావా నువ్వు?" అంది.

"తిన్నాను."

"అయితే జెప్పు. ఎట్ల ఓడినారు?"

నాకు తెలిసిందల్లా కళ్ళకు కనబడుతున్నదే. అక్కడ వాన పడుతోందని చెప్పాను. అందరూ వెళ్ళిపోతున్నారని, చారల చొక్కావాడు ఒకడు మాత్రం బురదలో కూర్చుని తల పట్టుకున్నాడని చెప్పాను.

"లేసినాడా?"

"లేదత్తా. ఇంకా కూర్చునే ఉన్నాడు."

"పెట్టేయాకు పాపా" అంది అత్త. "లేసేదాకా ఉందాం."