ప్రభుదాసు దాచిన ఆదివారాలు

అత్వెల్లిలో హైవే పక్కన టెంట్ హౌస్ నడిపే ప్రభుదాసుకు గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడి మీద అనుమానం, డాక్టర్ రాసిన మందు మీద అనుమానం, ఆ మందు సరైనదేనన్న రెండో డాక్టర్ మీద ఇంకా అనుమానం. పెళ్లికి పోయిన కుర్చీలు తిరిగొస్తే, కింద తను వేసిన రంగు గుర్తు ఉందో లేదో ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూడందే లోపలికి రానివ్వడు. నవ్వేవాళ్లు నవ్వనీ, అతనికీ ఓ కారణం ఉంది. చిన్నప్పుడు శామీర్‌పేట దగ్గర వాళ్ల నాయిన, రేషన్ కార్డు కోసమంటే నమ్మి ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. పొలం చేతులు మారాక గానీ అదేం కాగితమో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి ప్రభుదాసు భార్య కృపమ్మను తప్ప ఎవరినీ నమ్మలేదు. ఆమెనైనా ఏదో సగం సగమే.

అలాంటివాడికి కోర్టుతో పని పడింది. షెడ్డు యజమాని జనార్ధన్ తొమ్మిదేళ్లకు లీజు రిజిస్ట్రీ చేసిచ్చి, ఐదేళ్లు నిండాయో లేదో ఖాళీ చేయమన్నాడు. కండ్లకోయలో ఐటీ పార్కు వచ్చాక హైవే పక్క జాగాల మీద అందరి కన్నూ పడింది. "దసరా దాటినంక నా తాళమేస్త, సామాన్ తీస్కపో" అని కబురంపాడు. శామియానాలు, వంట గిన్నెలు, ఆరువందల కుర్చీలు. పెళ్లిళ్ల ముందు వీటన్నిటితో రోడ్డున పడితే ఇరవై ఏళ్ల కష్టం మట్టికొట్టుకుపోతుంది.

మేడ్చల్‌లో శృతి అనే వకీలును పట్టుకున్నాడు. చిన్న వయసే అయినా చురుకైన మనిషి. లీజు రెండుసార్లు చదివి చెప్పింది.

"అంకుల్, తాళం ఏయకుండ ఆర్డర్ తెద్దాం. కానీ ముందు ఏ కోర్టుకు పోవాల్నో తేల్చుకోవాలె. షెడ్డుల వ్యాపారం ఒక్కటే నడిస్తే సిటీల కమర్షియల్ కోర్టుకు పోవాలె. దాంతోపాటు ఇంకేమన్న నడిస్తే గీ మేడ్చల్ కోర్టే. తప్పు కోర్టుల ఏస్తే ఫైలు వాపస్ ఇస్తరు, అప్పటిదాంక వచ్చిన ఆర్డర్ కూడ పోతది. అందుకే అడుగుతున్న. ఆ షెడ్డుల ఇంకేమన్న జరుగుతదా?"

జరుగుతుంది. ప్రతి ఆదివారం పొద్దున శామియానా గుడ్డలు ఓ పక్కకు నెట్టి, అరవై కుర్చీలు వేసి, పదిహేను కుటుంబాలు అక్కడే ప్రార్థన చేసుకుంటాయి. వాళ్లకు వేరే మందిరం లేదు. "మన షెడ్డున్నది గద" అని కృపమ్మే మొదలుపెట్టింది. మధ్యాహ్నానికల్లా కుర్చీలు మళ్లీ దొంతరలవుతాయి.

కానీ లీజులో 'టెంట్ హౌస్ వ్యాపారానికి మాత్రమే' అని రాసి ఉంది. ఈ పిల్లకు ఎలా చెప్పడం? గంట క్రితమే ఆమె కోర్టు క్యాంటీన్‌లో, జనార్ధన్ వకీలు భానుప్రకాశ్‌తో నవ్వుతూ చాయ్ తాగుతుంటే కళ్లారా చూశాడు. ఈ ప్రశ్న ఆమెది కాదు, అక్కడినుంచి వచ్చిందే అనుకున్నాడు. ఎదురెదురు వకీళ్లు కోర్టులో కొట్లాడుకుని బయట చాయ్ తాగుతారని మేడ్చల్‌లో అందరికీ తెలుసు. మన ప్రభుదాసుకూ తెలుసు, నమ్మడంతే.

"ఏం జరుగదమ్మా. దందా ఒక్కటే," అన్నాడు.

గురువారం వచ్చి షెడ్డు చూస్తానంది శృతి. దాంతో అతని అనుమానం రెట్టింపైంది. బుధవారమే పాస్టర్ వాక్యం చెప్పే బల్లను తివాచీల చుట్టల వెనక్కి తోశాడు. గోడ మీది శిలువను తీసి పెద్ద గంగాళంలో పెట్టి మూత వేశాడు.

"గిదేం పనయ్యా? శిలువను గంగాళంల పెడ్తవా?" అంది కృపమ్మ.

"నీకెర్కలేదు. గా పిల్ల అవతలోళ్ల మనిషి. ప్రార్థన సంగతి తెలిస్తే లీజే కొట్టేపిస్తది."

"మన వకీలుకే అబద్ధం జెప్తే ఇగ మన తరఫున ఎవరు మాట్లాడ్తరు?"

అతను వినిపించుకోలేదు. మర్నాడు శృతి మూలమూలా చూసి, మళ్లీ అదే అడిగింది. ప్రభుదాసు మళ్లీ అదే చెప్పాడు.

అతని మాట మీదే కేసు కమర్షియల్ కోర్టులో పడింది. తాళం వేయొద్దని వారంలోపే ఆర్డర్ వచ్చింది. "జూసినవా?" అని ప్రభుదాసు కృపమ్మ ముందు మీసం దువ్వాడు. తర్వాతి వాయిదాలో భానుప్రకాశ్ లేచి ఫొటోలు పెట్టాడు. నిరుటి క్రిస్మస్‌వి. కుర్చీల వరసలు, గోడ మీద శిలువ, మైకు పట్టుకున్న పాస్టర్. ఇది వ్యాపారానికి మాత్రమే వాడే షెడ్డు కాదని, ఈ కేసు వినే అధికారం ఈ కోర్టుకు లేదని వాదించాడు. జడ్జి అడిగితే ప్రభుదాసు ఆ ఫొటోల్లోది తన షెడ్డేనని ఒప్పుకోక తప్పలేదు. ఫైలు వాపస్ వచ్చింది. దాంతోపాటే ఆర్డర్ కూడా పోయింది. అది శుక్రవారం సాయంత్రం.

బయట వరండాలో శృతి ఒక ఫొటో అతని ముందు పెట్టింది.

"శాలువ కప్పుకొని కేకు కోస్తున్నది ఎవరంకుల్?"

"జనార్ధన్."

"అంటే ప్రార్థన సంగతి ఆయనకు ముందే ఎర్క. ఎర్కుండి వచ్చి కూసున్నడు. ఇగ దాని మీద లీజు కొట్టేయమని ఏ మొఖంతోని అడుగుతడు? ఈ ముక్క మొదటి రోజే జెప్తే మేడ్చల్ కోర్టులనే ఆర్డర్ తెచ్చేదాన్ని. అది నిలిచేది."

శనివారం పొద్దున పోయి చూస్తే షెడ్డుకు జనార్ధన్ తాళం వేలాడుతోంది, సామానంతా లోపలే ఉంది. అలా తాళం వేయడం చట్టం ఒప్పుకోదట. కానీ తీయించాలంటే మళ్లీ కోర్టుకే పోవాలి, ఎన్ని నెలలు పడుతుందో వకీలే చెప్పలేనంది. ఆ ఆదివారం పదిహేను కుటుంబాలూ రోడ్డు పక్కన ఎండలో నిలబడి ప్రార్థన చేసుకున్నాయి. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

సోమవారం భార్యాభర్తలిద్దరూ శృతి ఆఫీసుకు పోయారు. ఆమె కొత్త కాగితాలు ముందు పెట్టుకుని, కుర్చీ కృపమ్మ వైపు తిప్పుకుంది.

"ఆంటీ, మీరు మొదటి సంది జెప్పుండ్రి. అంకుల్, మీరు జర బయట కూసోండి."

"కేసు నాది గదమ్మా?"

"మీదే అంకుల్. కానీ మీరు జెప్పేదాంట్ల ఏది నిజమో నాకు తెల్వదు."

ప్రభుదాసు లేచి బయటి బల్ల మీద కూర్చున్నాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. లోపల కృపమ్మ క్రిస్మస్ నాటి సంగతి చెబుతోంది. శృతి ఏ మాటా రెండోసారి అడగకుండా రాసుకుంటోంది.